కోరంగివారి రేవు

గచ్చిబౌలి పేరులో నీరున్నది. బౌలి అంటే దిగుడుబావి. అది బండల సీమ. అట్టి హైదరాబాదు ఆడపడుచు ఒకరు, విశాఖపట్టణపు ఆడపడుచు మరొకరు 2018లో తెరచాప నావపై మారిషస్ ద్వీపంలోని పోర్ట్ లూయీ రేవు చేరారంటే, ఆ రేవు పాత కథ జ్ఞప్తికి రాక మానదు.

నావ పేరు 'తారిణి'. పొడవు సుమారు 55 అడుగులు. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవాలో బయలుదేరి భూగోళాన్ని చుట్టివచ్చారు. వారిలో బి. ఐశ్వర్య, పి. స్వాతి మన తెలుగువారు. తిరుగు ప్రయాణంలో చుక్కాని యంత్రం చెడినందున పోర్ట్ లూయీలో ఆగవలసి వచ్చింది.

ఆ రేవును 1735 తరువాత తీర్చిదిద్దినవాడు ఫ్రెంచి గవర్నరు లాబూర్దొనే. 1810లో ఆంగ్లేయులు ద్వీపాన్ని వశపరచుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల ఆకలి మాత్రం రద్దు కాలేదు. 1834 మొదలు 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులను ఒప్పందపు కూలీలుగా అక్కడికి చేర్చారు.

తెలుగువారిలో పలువురు గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవునుండి ఓడ ఎక్కారు. 1839 నవంబరు తుపాను ఆ పట్టణాన్ని ముంచివేసింది. అయినా 1843లో 'కోరంగి పాకెట్' అనే ఓడ తెలుగు కూలీలను పోర్ట్ లూయీలో దించింది. ఏ ఊరివాడైనా సరే, తెలుగువాడికి అక్కడ 'కోరంగి' అనే పేరు స్థిరపడిపోయింది. రంగూనులోనూ అంతే! పాడుబడిన ఒక రేవు రెండు పరదేశాల్లో ఒక జాతికి పేరై నిలవడం చిత్రమే.

1849లో కట్టిన వలస డిపో ఇప్పుడు 'ఆప్రవాసీ ఘాట్'. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ మిగిలినది చాలా తక్కువ: కొన్ని రాతి గోడలు, పదహారు మెట్లు. ఆ మెట్లెక్కిన మనిషికి గుమాస్తా ఒక సంఖ్య ఇచ్చేవాడు. ఇంటిపేరు గుమాస్తా చెవికి వినబడిన తీరున చిట్టాకెక్కేది. పిమ్మట తోటకు ప్రయాణం. చాలామంది మళ్లీ స్వదేశం చూడలేదు. వారి సంతతికి నేడు ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి.

చుక్కాని బాగుపడగానే 'తారిణి' తెరచాప ఎత్తింది. మే 21వ తేదీన గోవా చేరింది.