గుండ్లకమ్మ ఒడ్డున కృపా సువార్త

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్రలో అందరి నోటా నానే అంకె ఇది. అంతకుముందు దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశారన్న సంగతి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. ఈ సంఘం సిలువను ఎలా ప్రకటించిందో అసలు ఆ పదిహేను నెలల్లోనే తెలుస్తుంది.

1854 జనవరి 1 తెల్లవారుజామున బాప్టిస్టు మిషనరీలైన లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక సువార్తికుణ్ణి పంపమని ప్రార్థించారు. పన్నెండేళ్ల తర్వాత, 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఇక్కడ కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది.

అయితే పల్లెల తలుపు తట్టింది ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. గురువులను ఆశ్రయించి యోగం అభ్యసించిన సాధకుడు. వ్యాపారం మీద ఏలూరు వెళ్లినప్పుడు మొదట సువార్త విన్నాడు; 1866లో బాప్తిస్మం పొందాడు. గుడికీ బడికీ దూరంగా ఉంచిన తనవారి మధ్య తిరిగి, క్రీస్తు సిలువ మీద ప్రాణం పెట్టాడనీ పాపక్షమాపణకు కులమూ కాసూ అడ్డురావనీ చెప్పాడు. ఆ మాట వాళ్లకు ఎంత కొత్తదో ఈనాడు ఊహించడం కష్టం.

ఆ మాటకు మిషను కూడా వెల చెల్లించింది. మాదిగలను చేర్చుకుంటే మిషను బడిలోని అగ్రవర్ణ విద్యార్థులు వెళ్లిపోతారు. క్లౌ దంపతులు ఎవరికి వారే బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందట: లోకం తృణీకరించినవారినే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు రాసిన చోటు. మాదిగలు లోపలికి వచ్చారు, ఆ విద్యార్థులు వెళ్లిపోయారు.

తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని అంతటా జనం ఆకలితో అలమటించారు. ఒకప్పుడు సర్వేయరుగా పనిచేసిన క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకున్నారు. తెలుగు బోధకులే మేస్త్రీలు. పగలు మట్టిపని, పొద్దుగూకాక సువార్త. విన్నవాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. కూలి డబ్బులకు ఆశపడి వచ్చారన్న అనుమానానికి తావుండకూడదన్నది ఆయన పట్టుదల. కృప ఉచితమని బోధించేవాడు దాన్ని గింజలతో ముడిపెట్టకూడదు. ఈ సంఘం చేసిన ప్రసంగాల్లోకెల్లా గొప్పది, నా దృష్టిలో, ఆ నిరాకరణే.

కరువు సహాయం పంచడం ముగిశాకే వెల్లంపల్లిలో జనాన్ని పిలిచారు. బోధకులు ఒక్కొక్కరినీ ప్రశ్నించి చేర్చుకున్నారు. ఆ రోజు నీళ్లలోకి దిగింది క్లౌ కాదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా బాప్తిస్మం ఇచ్చారు. ఇంత వేగమేమిటని విమర్శలూ వచ్చాయి. ఆ ఏడాది చివరికి కొత్తగా చేరినవారు తొమ్మిది వేలు దాటారు. వాళ్లకు చదువు, వాక్యం నేర్పే పని మళ్లీ పల్లెపల్లెకూ నడిచి వెళ్లిన ఆ బోధకుల మీదే పడింది.