దగ్గరి చుట్టంతో పోరు

"మేడమ్, బాక్టీరియాకి ఇన్ని మందులున్నాయి కదా, ఫంగస్‌కి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నేనా?" నేను మైక్రోబయాలజీ చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. 2021 మే నెలలో ఆ ప్రశ్న కాలేజీ గేటు దాటి ఇళ్ళలోకి వచ్చింది. కోవిడ్ నుంచి బయటపడ్డవాళ్ళను బ్లాక్ ఫంగస్ పట్టుకుంది. హైదరాబాదులో కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం ఊళ్ళు పట్టుకు తిరిగారు. నా పాత విద్యార్థులు కొందరు ఫోన్ చేసి, వేరే మందేదీ పనిచేయదా అని అడిగారు. ముందుగా ఎక్కించాల్సింది ఆంఫోటెరిసిన్నే. అది 1950ల నాటి మందు, వెనిజులాలో ఒరినోకో నదీ ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి ఇచ్చింది.

ఫంగస్ మందులకు ఇంత కరువు ఎందుకంటే, ఫంగస్, అంటే శిలీంధ్రం, మనకు దగ్గరి చుట్టం. బాక్టీరియా మనకు ఏమీ కాదు. దాని కణంలో కేంద్రకం లేదు, రైబోజోమ్ తీరు వేరు, చుట్టూ మనకు లేని గోడ ఉంది. ఆ తేడాల మీద దెబ్బ కొట్టే మందు మన కణాల జోలికి పెద్దగా రాదు. శిలీంధ్రంలో అయితే కేంద్రకం, మైటోకాండ్రియా, కణం రెండుగా చీలే పద్ధతి, అన్నీ మన పోలికే. దానికి విషమైంది చాలాసార్లు మనకూ విషమే. ఆంఫోటెరిసిన్ శిలీంధ్ర కణం పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుంటుంది. మన కణాల పొరలో ఉండే కొలెస్టరాల్ దానికి చాలా దగ్గరి పదార్థం. ఆ మందు ఎక్కుతున్నన్నాళ్ళూ డాక్టర్లు రోగి కిడ్నీలను కనిపెట్టుకుని ఉంటారు.

ఈ చుట్టరికమే ఇంకోవైపు మనకు చదువు చెప్పింది. ఆ చదువు మొదలైంది బీరు దగ్గర, దాన్ని పులియబెట్టే ఈస్ట్ అనే శిలీంధ్రంతో. కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ యజమాని జాకబ్సెన్ 1875లో ఒక పరిశోధనశాల పెట్టాడు. 1883లో అక్కడ ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి కల్తీ లేని వంగడాన్ని పెంచాడు. జాకబ్సెన్ దాన్ని దాచుకోలేదు, ఇతర బీరు తయారీదార్లకూ ఇచ్చాడు. అదే పరిశోధనశాలలో 1930లలో ఓయ్‌విండ్ వింగె ఈస్ట్ జీవితచక్రాన్ని తేల్చాడు. రెండు కణాలు కలిసి ఒకటవుతాయి, ఆ కణమే తర్వాత ఒక సంచిలా మారి లోపల నాలుగు సిద్ధబీజాలను పెడుతుంది.

ఆ నాలుగింటినీ విడదీయడం ఒక చేతిపని. మైక్రోస్కోపు కింద సన్నటి గాజు సూదితో ఒక్కొక్క బీజాన్నీ జరిపి, వరుసలో పెట్టాలి. సంచి గోడ మొండిది. 1959లో జాన్‌స్టన్, మార్టిమర్ అనే ఇద్దరు, నత్త జీర్ణరసంతో ఆ గోడను కరిగించవచ్చని చూపాక పని తేలికైంది. బీజాలు నాలుగు కాలనీలుగా పెరిగాక చూస్తే ఒక లక్షణం రెండింటికి వచ్చి ఉంటుంది, రెండింటికి రాదు. మెండెల్ వేల బఠాణీ గింజలు లెక్కపెట్టి పట్టుకున్న సూత్రం ఇక్కడ ఒక్క సంచిలో కనబడుతుంది. జన్యుశాస్త్రంలో ఇంతకన్నా అందమైన రుజువు నేను చూడలేదు.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. 1970 ప్రాంతంలో సియాటిల్‌లో లీలండ్ హార్ట్‌వెల్, వేడి పెంచితే కణవిభజన మధ్యలో ఆగిపోయే ఈస్ట్ మ్యుటెంట్లను పోగుచేశాడు. 1987లో పాల్ నర్స్, మెలనీ లీ మనిషి జన్యువును ఈస్ట్‌లో పెట్టి, అలా ఆగిపోయిన విభజనను తిరిగి నడిపించారు. 1996లో ఈస్ట్ జన్యుపటం పూర్తయింది. సుమారు 6000 జన్యువులు. కేంద్రకం ఉన్న జీవుల్లో పూర్తిగా చదివింది మొదట దాన్నే.

రోగం తెచ్చే శిలీంధ్రాల చరిత్ర మాత్రం వేరే దారిలో, చాలా తక్కువ డబ్బుతో నడిచింది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనలకు సారథిగా ఉన్న రోజుల్లో, 1948లో, అక్కడి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అలాంటి మందులు ఒంట్లోని బాక్టీరియాను తుడిచిపెడితే, ఆ ఖాళీలో కాండిడా అనే శిలీంధ్రం పెచ్చుపెరిగేది. నోరంతా తెల్లగా పూసేది. దాన్ని ఆపే మందు లేదు. ఆ పనికి పూనుకున్నది న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలోని ఇద్దరు స్త్రీలు. న్యూయార్క్ నగరంలో ఎలిజబెత్ హేజెన్ మట్టి నమూనాల నుంచి సూక్ష్మజీవులను పెంచి, శిలీంధ్రాలను చంపేవాటిని గాజు సీసాల్లో పోస్టు చేసేది. ఆల్బనీలో రేచల్ బ్రౌన్ వాటిలోని అసలు మందును వేరుచేసి తిరుగు టపాలో పంపేది. వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పొలం మట్టిలో దొరికిన జీవి నిస్టాటిన్ ఇచ్చింది. 1950లో ప్రకటించారు. రాయల్టీగా 1.3 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఒక్క డాలరు సొంతానికి వాడుకోకుండా అంతా పరిశోధనలకే ఇచ్చేశారు. వీళ్ళ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఫ్లెమింగ్ పక్కన ఉండాలి.

ఈస్ట్ వాళ్ళూ కాండిడా వాళ్ళూ అన్నేళ్ళు కలవకపోవడానికి కారణముంది. కాండిడా అల్బికన్స్‌లో కలయికే లేదనుకున్నారు, 2000 సంవత్సరం దాకా ఎవరూ చూడలేదు. నాలుగు బీజాల సంచి లేనిచోట ఈస్ట్ వాళ్ళ చేతిపని పనికిరాదు. 1978లో గెరాల్డ్ ఫింక్ బృందం ఈస్ట్‌లోకి బయటి డీఎన్‌ఏ ఎక్కించి చూపించాకే, కలయిక లేకుండానే జన్యువులను మార్చే దారి దొరికి, వంతెన పడింది. ఆ ఫింక్ బృందమే 1997లో, దారాల్లా సాగే శక్తిని పోగొట్టిన కాండిడా ఎలుకలను చంపలేకపోయిందని చూపింది.

నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం 1995 నాటిది. ఢిల్లీ జేఎన్‌యూ ఆచార్యుడు రాజేంద్ర ప్రసాద్, బెల్జియంలో ఈస్ట్ జన్యుపటానికి నాయకత్వం వహిస్తున్న ఆండ్రే గాఫో బృందంతో కలిసి, మందులను బయటికి తోడేసే పంపు లేని ఈస్ట్‌లో కాండిడా జన్యువులను పెట్టి చూశారు. ఒక జన్యువు అందిన ఈస్ట్ మందులో కూడా బతికి పెరిగింది. సీడీఆర్1 అని పేరుపెట్టిన ఆ జన్యువు తయారుచేసేదే, కాండిడా తన కణంలోంచి మందులను తోడిపోసే పంపు. కాండిడాకు వాడే ఫ్లూకొనజోల్ అనే మందు కొందరికి ఎందుకు పనిచేయదో చెప్పే కారణాల్లో అది ముఖ్యమైనది. బీరు ఈస్ట్ చేత రోగం గుట్టు చెప్పించిన ప్రయోగమిది.

2001లో కాస్పోఫంజిన్ అనే మందు వచ్చింది. శిలీంధ్రానికి ఉండి మనకు లేని గోడ మీద దెబ్బ కొడుతుంది. కానీ బ్లాక్ ఫంగస్‌ను ఆపడానికి అదీ, ఫ్లూకొనజోలూ చాలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర శిలీంధ్రాల జాబితా వేసింది 2022లో, అదే మొదటిసారి. పంతొమ్మిది పేర్లున్నాయి. వాటిలో ఒక్కదానికీ మనుషులకు వేసే టీకా లేదు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్న పిల్లలకు నా మాట: ఈసారికి ఈ.కోలై బాక్టీరియాను పక్కనపెట్టి ఒక శిలీంధ్రాన్ని తీసుకోండి. గైడ్లుగా ఉన్న నా తోటి అధ్యాపకులు వాళ్ళకు అడ్డుచెప్పకండి.