టాలెంట్ అనే మాట ఎక్కడిది?



"ఆ అబ్బాయికి మంచి టాలెంట్ ఉందండీ", "మా అమ్మాయికి ఏ టాలెంటూ లేదు" అని మనం తరచుగా వింటుంటాము. ఇంగ్లీషు చదువుకోనివారి నోట కూడా పలికే మాట ఇది. దీని చరిత్రను ఈ దినము కొంచెము ఆలోచించుదాము.

గ్రీకు భాషలో 'తలాంతోన్' అంటే మొదట త్రాసు. తరువాత త్రాసులో తూచే ఒక పెద్ద బరువుకు, ఆ బరువుగల వెండికి అదే పేరు వచ్చింది. ఏథెన్సు పట్టణపు కొలత ప్రకారము ఒక తలాంతు సుమారు 26 కిలోలు, అంటే 6,000 ద్రాక్మాల వెండి. మన తెలుగు బైబిలులోని 'తలాంతు' ఈ మాటే.

దాని విలువ ఎంతో గమనించండి. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలివానికి దినమునకు ఒక దేనారము. దేనారము, ద్రాక్మా విలువలో దాదాపు సమానము. వారానికి ఆరు దినములు పనిచేసినా, ఆ కూలి అంతా కూడబెడితేనే 19 సంవత్సరములకు ఒక తలాంతు అవుతుంది! ఒక్క తలాంతు పొందిన దాసుడు చిన్న మొత్తమేమీ పొందలేదు.

ఈ మాట లాటినులోనికి, అక్కడనుండి పాత ఫ్రెంచిలోనికి వెళ్లింది. మధ్యయుగములలో దానికి కోరిక, మనసు మొగ్గు అనే అర్థము కూడా ఉండేది. త్రాసు ఒక ప్రక్కకు మొగ్గినట్లే మనసూ మొగ్గుతుంది కదా! ఇంగ్లీషులో 15వ శతాబ్దములో మరొక అర్థము స్థిరపడింది. మత్తయి 25వ అధ్యాయములోని ఉపమానమునుబట్టి, దేవుడు మనిషికి అప్పగించిన శక్తిని టాలెంట్ అన్నారు. కాలక్రమేణా అప్పగించినవాని సంగతి మరుగునపడి, శక్తి మాత్రమే మిగిలింది.

ఆ ఉపమానమును మరల చదవండి. యజమానుడు ఎవరి సామర్థ్యము చొప్పున వారికి తలాంతులిచ్చాడు. అంటే అక్కడ సామర్థ్యము వేరు, తలాంతు వేరు. తలాంతు దాసుని సొంత గొప్ప కాదు, అది యజమానుని సొమ్ము. ఈనాడు మనము "నా టాలెంట్" అంటాము. ఆ మాట పుట్టుకలో 'నాది' అనేది లేదు.

ఇంగ్లీషు కవి జాన్ మిల్టన్ 1652 నాటికి చూపు పూర్తిగా కోల్పోయాడు. తన ఒక్క తలాంతు నిరుపయోగమైపోతుందేమోనని ఒక పద్యములో బాధపడ్డాడు. అయితే ఆ తలాంతును ఆయన పాతిపెట్టలేదు. ఇతరులచేత వ్రాయించి, 1667లో 'పారడైజ్ లాస్ట్' అనే మహాకావ్యమును ప్రచురించాడు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు టాలెంట్ లేదని ఇకమీదట అనకండి. ఐదు తలాంతులవాడు, రెండు తలాంతులవాడు పొందిన మెప్పు ఒక్కటే. మూడవవానిని యజమానుడు తప్పుపట్టింది తక్కువ ఉన్నందుకు కాదు, ఉన్నదానిని పాతిపెట్టినందుకే. మీ చేతికి అప్పగింపబడినది నేడు ఎక్కడ ఉంది? త్రాసులో ఉందా, మట్టిలో ఉందా?

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.