ట్రాక్టర్ లింకేజి: తక్కువ ఖర్చుతో సర్దుబాటు

రెండు లోయర్ లింకులు, పైన ఒక టాప్ లింక్‌తో పనిముట్టును ట్రాక్టర్ వెనుక నిలిపే అమరికే త్రీ పాయింట్ లింకేజి. హ్యారీ ఫెర్గూసన్ 1926లో దీనికి పేటెంట్ పొందాడు. గోదావరి డెల్టాలో ఒకే బండి దమ్ముకు రోటావేటర్‌నూ, పొడి దుక్కికి కల్టివేటర్‌నూ మోస్తుంది. పనిముట్టు మారిన ప్రతిసారీ సర్దుబాటు తప్పదు. అది కష్టమయ్యేది చాలావరకు అమరిక లోపం వల్ల కాదు, బురద వల్ల, తుప్పు వల్ల. టాప్ లింక్ గొట్టానికి ఒక కొసన కుడిమర, మరో కొసన ఎడమమర ఉంటాయి; గొట్టాన్ని తిప్పితే రెండు కొసలూ ఒకేసారి కదలాలి. మరల్లో బురద ఎండిపోతే ఆ సులువంతా పోతుంది. అందుకే మొదటి ఖర్చు తీగ బ్రష్షుకూ, కాస్త డీజిలుకూ, గ్రీజుకూ పెట్టాలి. ఒక్కో పనిముట్టుకు కుదిరిన పొడవు దగ్గర రంగు గుర్తు పెడితే మళ్లీ వెతుకులాట ఉండదు.

గ్రీజు బురదను పట్టుకుంటుందన్న అభ్యంతరం నిజమే. కానీ పాతది తుడిచి కొత్తది రాసి, మరలపై పాత టైరు ట్యూబు ముక్క తొడిగితే ఆ చిక్కు చాలావరకు తగ్గుతుంది. హైడ్రాలిక్ టాప్ లింక్ సీటు నుంచే కదులుతుంది, నిజంగా మేలైనది. అయితే దానికి సిలిండరు ధరతోపాటు రెండువైపులా ఆయిల్ నడిపే వాల్వు కూడా కావాలి. ఒక్క చోట మాత్రం పొదుపు పనికిరాదు: లింక్ పిన్ను స్థానంలో మేకు, బోల్టు పెట్టకూడదు. 25 మిల్లీమీటర్ల రంధ్రంలో 19 మిల్లీమీటర్ల పిన్ను వాడాల్సివస్తే బుష్ తొడగాలి. పనిముట్టును నేలకు దించి, ఇంజన్ ఆపాకే చెయ్యి పెట్టాలి.