రాతి శిలువకు రెండు చదువులు

చెన్నపట్టణంలో విమానాశ్రయానికి సమీపాన ఒక చిన్న కొండ ఉన్నది. తమిళులు దానిని పరంగిమలై అంటారు. ఇంగ్లీషువారి వాడుకలో సెయింట్ థామస్ మౌంట్. 1547లో పోర్చుగీసువారు అక్కడ చర్చి కట్టటానికి తవ్వుతుండగా ఒక పాత రాతి శిలువ బయటపడినది. నేటికీ అది ఆ చర్చిలోనే, బలిపీఠం వెనుక ఉన్నది.

ఆ శిల్పం మన కంటికి పరాయిదిగా తోచదు. శిలువపై క్రీస్తు రూపం లేదు. దాని చివరలు మొగ్గలు తొడిగి ఉంటాయి. అడుగున మెట్ల పీఠం, ఇరుపక్కల ఆకులు, పైన వాలుతున్న పావురం. రెండు స్తంభాలపై మకరాలు, వాటి నోళ్ళ నుండి వెలువడే తోరణం. మన గుడులలో చూచే మకరతోరణమే! ఆ తోరణం చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రం ఈ దేశపువి కావు.

విజయనగరాన్ని పోర్చుగీసువారు నర్సింగ రాజ్యమనేవారు. అక్కడి ఒక బ్రాహ్మణ పండితుని చేత 1561లో ఆ పంక్తిని చదివించారు. ఒక్కొక్క గుర్తులో అనేక పదాల అర్థం ఇమిడి ఉన్నదని చెప్పి, ఆయన అందులో నుండి క్రీస్తు చరిత్రను, తోమా వృత్తాంతాన్ని విస్తారంగా వెలికితీశాడు. అడిగినవారు వినగోరినదీ అదే. ఆ చదువు చాలాకాలం చెల్లుబాటయింది.

1873లో మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి ఏ.సి. బర్నెల్ ఆ లిపి పహ్లవీ అని, అనగా సాసానీయుల నాటి పారశీకమని వివరిస్తూ తన పాఠాన్ని వెలువరించాడు. దక్షిణ భారత లిపుల పరిణామంపై 1874లో గ్రంథం ప్రకటించినదీ ఆయనే. తరువాతి పండితులు సవరించిన పాఠం సారాంశం ఇంతే: ఈ రాతిని చేయించిన చహార్‌బోఖ్త్ కుమారుని ప్రభువు కరుణించుగాక. ఆ కుమారుని పేరు అఫ్రాస్ అని ఒకరు, గాబ్రియేల్ అని మరొకరు చదివారు. కాలం ఆరు, తొమ్మిది శతాబ్దాల నడుమ అంటారు.

కేరళలో కొట్టాయం, కడమట్టం, ముట్టుచిర చర్చిలలోనూ ఇటువంటి శిలువలే, ఇదే ప్రార్థన. 849 నాటి కొల్లం తామ్రశాసనంలో సాక్షుల సంతకాలు పహ్లవీ, కూఫీ, హీబ్రూ లిపులలో ఉన్నవి. సముద్ర వర్తకం ఏ ఏ జనాన్ని మన తీరాలకు చేర్చినదో ఆ సంతకాలే చెబుతాయి.

తోమా మన దేశానికి వచ్చాడా అన్న వివాదంలో ఈ రాయి సాక్ష్యం పలుకదు. పరాయి గడ్డపై ఒక మనిషి, ఇక్కడి తోరణం కింద, తన లిపిలో, తండ్రి పేరు తలచుకొని కరుణను వేడుకున్నాడు. పండితుడు కల్పించిన పెద్ద కథకంటె ఈ చిన్న మొక్కే నాకు విలువైనదిగా తోస్తుంది.

హైటెక్ సిటీలో కొండరాళ్ళు పగిలి అద్దాల మేడలు లేచాయి. అదే హైదరాబాదులో, మూసీ ఒడ్డున, చైతన్యపురిలో ఒక బండపై బౌద్ధవిహారాన్ని పేర్కొనే ప్రాకృత శాసనం ఉన్నది. చదవగలవారు కరువైతే రాయి మూగబోదు. ఎవరికి కావలసిన మాట వారు దానిచేత పలికిస్తారు. పరంగిమలై శిలువకు జరిగినది అదే కదా!