వీడియో గేమ్: మోజుకూ వ్యసనానికీ మధ్య గీత

రోజుకు ఎన్ని గంటలు ఆడితే వ్యసనం? తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో మాత్రం గంటల ఊసే లేదు. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, గేమింగ్ డిజార్డర్‌కు మూడు లక్షణాలు చెప్పింది. ఆట మీద అదుపు తప్పడం, తక్కిన ఆసక్తులూ రోజువారీ పనులూ ఆట వెనక్కి పోవడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆడుతూనే ఉండడం. చదువో ఉద్యోగమో కుటుంబమో గట్టిగా దెబ్బతినాలి. ఈ తీరు సాధారణంగా పన్నెండు నెలలు కొనసాగాలి. అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 (2013) దీన్ని ఇంకా పరిశోధించాల్సిన అంశాల జాబితాలో ఉంచింది. ఈ నిర్వచనాలతో నాకు పేచీ లేదు. అయితే ఇవి ఆటగాడినే పరీక్షిస్తాయి, ఆటను కాదు.

ఆకర్షణ మాటకొస్తే డోపమైన్ పేరు వెంటనే వినిపిస్తుంది. వీడియో గేమ్ ఆడుతున్నవారి మెదడులో అది విడుదలవుతుందని కెప్, ఆయన సహచరులు 1998లో ‘నేచర్’ పత్రికలో చూపారు. దాన్ని పట్టుకుని గేమ్ అంటే మత్తుమందే అనడం తొందరపాటు. రుచికరమైన భోజనానికీ మెదడు అలాగే స్పందిస్తుంది. అంతకన్నా ఉపయోగపడేది రయన్, రిగ్బీ, షిబిల్‌స్కీల 2006 అధ్యయనం. తన ఇష్టప్రకారం చేశానన్న భావన, చేతనవుతోందన్న తృప్తి, తోడున్నారన్న ధీమా: ఈ మూడూ దొరికిన చోటికే ఆటగాడు మళ్లీ వస్తాడు. మార్కుల చుట్టూ తిరిగే ఇంటర్ కుర్రాడికి ఈ మూడూ ఒకే చోట దొరికేది ఎక్కడో చెప్పనక్కర్లేదు.

బీజీఎంఐ అనే మొబైల్ పోరాట ఆటలో ఒక మ్యాచ్‌నే చూడండి. వందమంది దాకా దిగుతారు, నలుగురిదొక స్క్వాడ్, అరగంట ఆట. “అన్నం చల్లారిపోతోందిరా” అని అమ్మ కేకేస్తుంది. “జోన్ మూసుకుంటోందమ్మా, ఈ ఒక్క మ్యాచ్!” అంటాడు వాడు. అమ్మకు అది మొండితనం. వాడి వైపు నుంచి చూస్తే ఈ ఆటకు పాజ్ లేదు, లేచిపోతే ముగ్గురు స్నేహితులు నడిమధ్యలో చిక్కుకుంటారు. ఇది వ్యసనం కాదు, ఇచ్చిన మాట. చూడాల్సింది ఆ మ్యాచ్ అయ్యాక ఏం జరిగిందన్నది. ఫోను పక్కన పెట్టి అన్నానికి వచ్చాడా, లేక వద్దనుకుంటూనే ఇంకో మ్యాచ్‌కు నొక్కాడా?

ఆ రెండో నొక్కు వెనుక కుర్రాడి బలహీనత ఒక్కటే లేదు. వెనకటి పార్లర్ ఆటలో బిళ్ల అయిపోతే ఆట ముగిసేది. ఉచితంగా దొరికే నేటి ఆటకు రాబడి, ఆటగాడు రోజూ తిరిగి రావడంలో ఉంది. అందుకే రోజువారీ లాగిన్ బహుమతి, గడువున్న సీజన్ పాస్, ఏం దక్కుతుందో తెలియని పెట్టె. ఎన్నోసారికి ఫలితం వస్తుందో తెలియనప్పుడు పావురాలు మీటను ముక్కుతో పొడవడం మానవని మనస్తత్వవేత్త స్కిన్నర్ ఎప్పుడో చూపాడు. డబ్బు పెట్టి కొనే ఇలాంటి పెట్టెలను బెల్జియం 2018లో జూదం కింద లెక్కగట్టింది.

గంటలను కట్టడి చేసిన చట్టం ఎలా ఉంటుందో దక్షిణ కొరియా చూపించింది. 1997 ఆర్థిక సంక్షోభం, బ్రాడ్‌బ్యాండ్, 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ కలిసి అక్కడ వీధివీధినా పీసీ బాంగ్‌లను, అంటే గంటల లెక్కన కంప్యూటర్ ఆటలు ఆడుకునే కేంద్రాలను, నిలబెట్టాయి. 2011లో, అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటి దాకా పదహారేళ్లలోపు వారికి ఆన్‌లైన్ గేమ్‌లు మూసేశారు. పిల్లలు మొబైల్ ఆటలకు మళ్లారు. వాటికి ఆ నిషేధం లేదు. చివరకు 2021లో ప్రభుత్వమే రద్దు ప్రకటించింది. చైనా అదే ఏడాది మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే అనుమతిచ్చింది. గడియారం మారింది గానీ ఆలోచన అదే.

మన దగ్గర 2020లో పబ్జీని నిషేధించింది వ్యసనం కారణంగా కాదు, దేశ భద్రత పేరుతో. వైద్యం వైపు చూస్తే బెంగళూరు నిమ్హాన్స్ 2014లోనే టెక్నాలజీ అతివాడకానికి ‘షట్’ క్లినిక్ తెరిచింది. పందెం ఆటల సంగతి వేరు. ఆన్‌లైన్ రమ్మీ మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వేటు వేశాయి; 2025 ఆగస్టులో కేంద్ర చట్టం డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. ఈ చట్టాలకు కొలత పందెం సొమ్ము. రూపాయి పెట్టించకుండానే తెల్లవారుజామున మూడింటి దాకా కూర్చోబెట్టే లాగిన్ బహుమతి వాటి లెక్కలోకి రాదు, ఐసీడీ ప్రశ్నల్లోనూ లేదు.