రేవుకు ఆవల తీర్మానం: కోనసీమలో స్థానిక బోర్డుల చరిత్ర

గౌతమికీ వసిష్ఠకూ నడుమ, సముద్రం అంచుగా ఏర్పడిన కోనసీమ స్థానిక పరిపాలనను చట్టాల వరుసగా మాత్రమే చదివితే, అది పూర్వపు మద్రాసు రాష్ట్రంలోని మరే తాలూకా చరిత్రకూ భిన్నంగా కనిపించదు. తీర్మానం ఎక్కడ జరిగింది, అక్కడికి చేరడానికి సభ్యుడు ఏ నదిని దాటవలసి వచ్చింది అని ప్రశ్నించినప్పుడే దాని ప్రత్యేకత తెలుస్తుంది.

రిప్పన్ ప్రభుత్వపు 1882 తీర్మానం అనంతరం వచ్చిన 1884 మద్రాసు స్థానిక బోర్డుల చట్టం జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్ పంచాయతీ అనే మూడంచెలను ఏర్పరచింది. భూమిపై సెస్సు, యూనియన్లలో ఇంటిపన్ను, రోడ్డు సుంకాలు, రేవుల రాబడి వీటి నిధులు. రోడ్లు, పాఠశాలలు, ఆసుపత్రులు, పారిశుద్ధ్యం బాధ్యతలు. కాలువలు మాత్రం బోర్డుల చేతిలో లేవు. ధవళేశ్వరం ఆనకట్ట నీటితో పండే ఈ సీమలో సేద్యానికీ పడవ ప్రయాణానికీ ఆధారమైన కాలువ ప్రజాపనుల శాఖది. గట్టు ఒకరిది, గట్టు దిగిన తరువాత బాట మరొకరిది.

రేవు సంగతి వేరు. వంతెనలు లేని కాలంలో కోటిపల్లి–ముక్తేశ్వరం, నరసాపురం–సఖినేటిపల్లి వంటి రేవులే ఈ సీమకు రహదారులు. రేవును వేలం పాటకు పెట్టడం స్థానిక సంస్థలకు సులువైన రాబడి మార్గం. పాడుకొన్నవాడు ఆ సొమ్మును తిరిగి రాబట్టుకొనేది దాటేవారి నుంచే. పాట పెరిగితే సంస్థకు లాభం. ఆ భారం మోసేది రోజూ దాటవలసిన కూలీ, విద్యార్థి, కొబ్బరికాయల బేరగాడు. రేవు రుసుము పట్టిక పైకి చిన్న విషయంగా తోచినా, సామాన్యుని జేబును నేరుగా తాకిన నిర్ణయం అదే.

1920 చట్టం బోర్డులలో ఎన్నికైన సభ్యుల పాలును పెంచింది, 1930 సవరణ నామినేషన్లకు స్వస్తి చెప్పింది. ఓటు విలువ పెరుగుతున్న ఆ దశలోనే, 1934లో, తాలూకా బోర్డులు రద్దయ్యాయి. పొదుపు, పాలనా సౌలభ్యం వంటి కారణాలు ఎన్ని చెప్పినా, కోనసీమకు దాని అర్థం ఒక్కటే: గ్రామానికి పైన మిగిలిన ఏకైక సభ గౌతమికి ఆవల, కాకినాడలో ఉన్న జిల్లా బోర్డు. ఆ లోటు తీరడానికి పాతికేళ్లు పట్టింది. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడి, సర్పంచులు మళ్లీ ఈవలి ఒడ్డునే సమావేశమయ్యారు.

దూరం నదిది మాత్రమే కాదు. భూమి, కులం ఉన్నవారికే బోర్డు కుర్చీ అందిన కాలం దీర్ఘమైనది. 1986 చట్టం జిల్లా ప్రజా పరిషత్తు అధ్యక్షుని ఓటర్లే నేరుగా ఎన్నుకొనే పద్ధతి తెచ్చింది. 1987లో కోనసీమకు చెందిన దళిత న్యాయవాది జి.ఎం.సి. బాలయోగి తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షుడయ్యారు. తదుపరి కాలంలో ఆయన లోక్‌సభ స్పీకరు కావడం అందరూ గుర్తుంచుకొన్నారు. స్థానిక పాలన చరిత్రకు 1987 అంతకంటె ముఖ్యం. 1994 చట్టం ప్రత్యక్ష పద్ధతిని తొలగించినా, స్త్రీలకు మూడో వంతు స్థానాలు కేటాయించింది.

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. కలెక్టరు కార్యాలయం నది దాటి వచ్చింది. 2021 ఎన్నికలతో ఏర్పడిన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు మాత్రం విభజన తరువాత కూడా అలాగే కొనసాగింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల సభ్యులు సర్వసభ్య సమావేశానికి కాకినాడకే వెళ్లవలసి వచ్చింది.